57 ఏళ్ళకు కారు నేర్చుకున్నా: నా అనుభవం

నేను రిటైరైన టీచర్ని, హన్మకొండలో ఉంటాం. కారు ఇంట్లోనే ఉంది గానీ మా సారుకు మోకాళ్ళ నొప్పులు, ఎక్కువసేపు నడపలేరు. నేను నేర్చుకుంటానంటే "ఈ వయసుల ఎందుకు నీకు, ఆటోకు ఫోన్ చేస్తే ఇంటి ముందటికే వస్తది" అన్నారు. రామప్ప దాకా ఆటోలో పోతామా ఏంది!

కాగితాల పని పెద్దగా ఏం లేదు. 40 దాటితే డాక్టరు సంతకంతో ఫారం 1ఏ పెట్టాలి, అదొక్కటే మనకు అదనం. ఎల్ఎల్ఆర్ (నేర్చుకునేటప్పుడు ఇచ్చే లైసెన్సు) 6 నెలలు పనిచేస్తుంది, వచ్చాక 30 రోజులు ఆగితేగానీ టెస్టుకు రానివ్వరు. పిల్లలైతే 30 రోజులు కాగానే స్లాట్ బుక్ చేసుకుంటారు, మనకు ఆ తొందర వద్దు, గడువు మొత్తం వాడుకోండి.

అసలు తిరకాసు డ్రైవింగ్ స్కూల్ కారులో ఉంది. నేర్పేవాళ్ళ వైపు కూడా క్లచ్, బ్రేకు ఉంటాయి కదా. బండి మెత్తగా పోతుంటే అబ్బో, నాకు వచ్చేసింది అనుకున్నా. ఒకరోజు ఆ అబ్బాయికి ఫోనొచ్చి కాళ్ళు వెనక్కి తీసుకున్నాడు, కేయూ క్రాస్ రోడ్డు దగ్గర బండి రెండు ఎగురులు ఎగిరి ఆగిపోయింది, వెనక ఒకటే హారన్లు. అంటే ఇన్నాళ్ళూ సగం బండి అతనే నడిపాడన్నమాట! మర్నాడు ఎక్కగానే చెప్పేశా, "బ్రేకు నీ ఇష్టం బాబూ, క్లచ్ మీద మాత్రం కాలు పెట్టకు."

తర్వాత ఖాళీ గ్రౌండులో యాక్సిలరేటర్ ముట్టకుండా ఉత్త క్లచ్ మీదే ప్రాక్టీసు. మెల్లగా వదులుతుంటే ఒకచోట ఇంజన్ చప్పుడు బరువెక్కుతుంది, స్టీరింగ్, కాలి కింద క్లచ్ పెడల్ సన్నగా వణుకుతాయి, అక్కడ పాదం ఆగాలి. మందపాటి షూ వేసుకుంటే ఆ వణుకు తెలియదు, అడుగు పల్చగా ఉన్నవి వేసుకోండి. కాజీపేట ఫాతిమానగర్ బ్రిడ్జి ఎక్కుతుంటే ట్రాఫిక్ ఆగిందనుకోండి, వెనక బస్సు ఆనుకుని ఉంటుంది, టెన్షన్ మామూలుగా ఉండదు. హ్యాండ్ బ్రేకు లాగి, ఆ వణుకు వచ్చేదాకా క్లచ్ వదిలి, కొంచెం యాక్సిలరేటర్ ఇచ్చి, అప్పుడు హ్యాండ్ బ్రేకు దించితే బండి వెనక్కి జారదు.

టెస్టులో హెచ్ ట్రాక్ రివర్స్ ఉంటుంది, అంటే కమ్మీలు పాతిన హెచ్ ఆకారపు దారిలో బండి వెనక్కి నడపాలి. "రెండో కమ్మీ అద్దంల కనవడంగనే స్టీరింగ్ ఫుల్ తిప్పుండ్రి మేడం" అని స్కూల్ వాళ్ళు ఒక లెక్క చెప్తారు. నేను పొట్టి, సీటు ముందుకు జరుపుకుంటా, అద్దంలో ఆ కమ్మీ నాకు వేరేచోట కనపడుతుంది. అందుకే నా సీటు ఖాయం చేసుకుని నా లెక్క నేనే కట్టుకున్నా. పాసయ్యా, కార్డు పోస్టులో వచ్చింది.

రామప్ప పోయొచ్చాం, పగలే. రాత్రి మాత్రం ఇంకా నడపట్లేదు, ఎదురొచ్చే లైట్లకు కళ్ళు చెదురుతున్నాయి, ముందు కంటి డాక్టరుకు చూపించుకోవాలి.