డెబ్బైల రాక్ బేస్ లైన్ల సాధన: ఇప్పటిదాకా ఎక్కడికొచ్చాను

డెబ్బైల నాటి రాక్ రికార్డుల్లోని బేస్ లైన్లు, అంటే బేస్ గిటార్ మీద వాయించే అడుగు వరసలు, ఒక్కొక్కటిగా నేర్చుకుంటూ రాసుకుంటున్న నోట్సు ఇది. స్వరాలు పట్టుకోవడం పెద్ద పనేం కాదు. పేరున్న పాట దేనికైనా ట్యాబ్ (ఏ తీగని ఎక్కడ నొక్కాలో చూపే రాత) దొరుకుతుంది, రెండు సాయంత్రాలు కూర్చుంటే వేళ్లకి దారి తెలిసిపోతుంది. నా సాధనంతా ఇంకోదాని చుట్టూ తిరుగుతోంది. వాయించిన స్వరాన్ని ఎంతసేపు మోగనివ్వాలి, ఎక్కడ ఆపాలి? ఆ రికార్డుల్లో బేస్ అంతగా గుర్తుండిపోవడానికి సగం కారణం ఈ ఆపడంలోనే ఉందని నా గట్టి నమ్మకం. అందుకే ఇక్కడ రాసేవన్నీ దాదాపు దాని గురించే.

ముందు సరంజామా. నాలుగు తీగల (అడుగు నుంచి ఇ, ఎ, డి, జి) ఫెండర్ ప్రెసిషన్ మోడల్ తరహా బేస్, 34 అంగుళాల స్కేలు, అంటే మోగే తీగ పొడవు. తీగలు రౌండ్‌వూండ్ (పైన గుండ్రటి సన్న తీగ చుట్టిన, గరుకుగా ఉండే) సెట్, మందం అంగుళంలో వెయ్యో వంతుల్లో 45 నుంచి 105 దాకా. అపార్ట్‌మెంట్ కాబట్టి రాత్రిళ్లు హెడ్‌ఫోన్ యాంప్ మీదే. వినడానికి మాత్రం ఫోన్ స్పీకర్ పనికిరాదు. బేస్‌లో అడుగున ఉండే ఇ తీగ ఖాళీగా మీటితే 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. ఫోన్ ఆ లోతు పలికించలేదు, దాని పై అనుస్వరాలే (అడుగు స్వరంతో పాటు పుట్టే సన్నటి పై స్వరాలే) మనకి వినిపిస్తాయి. స్వరం ఎక్కడ మొదలైందో దానితో పట్టుకోవచ్చేమో గానీ ఎక్కడ ఆగిందో తేల్చుకోవడం కష్టం. చెవుల్ని పూర్తిగా కప్పే హెడ్‌ఫోన్స్ కొనుక్కున్నాక పని సులువైంది.

పాటలోంచి బేస్‌ని విడదీసి ఇచ్చే యాప్‌లు ఇప్పుడు చాలా ఉన్నాయి. స్వరాలు గుర్తుపట్టడానికి బాగా పనికొస్తాయి. కానీ విడదీసేటప్పుడు స్వరాల చివర్లు దెబ్బతింటాయి. కిక్ డ్రమ్ (కాలితో వాయించే పెద్ద డ్రమ్) కూడా పడిన చోట బేస్ ఆగిందో, యాప్ తినేసిందో తెలియదు. ఎంతసేపు ఉంచాలన్నది తేల్చడానికి ఎప్పుడూ అసలు రికార్డుకే తిరిగి వెళ్తున్నాను. వేగం డెబ్బై శాతానికి తగ్గించి, శృతి మారకుండా చూసుకుని వింటాను.

ఆల్ రైట్ నౌ

ఫ్రీ బృందం 1970లో తెచ్చిన ఈ పాటతో మొదలుపెట్టాను. చరణాల్లో బేస్ అసలు ఉండదు. పాల్ కోసాఫ్ గిటార్, సైమన్ కర్క్ డ్రమ్స్, పాల్ రాడ్జర్స్ గొంతు, అంతే. పల్లవి రాగానే ఆండీ ఫ్రేజర్ దిగుతాడు, పాట ఒక్కసారిగా విచ్చుకుంటుంది. పాట విడుదలయ్యేనాటికి అతనికి 18 ఏళ్లు కూడా నిండలేదు. రాడ్జర్స్‌తో కలిసి ఆ పాట రాసింది కూడా అతనే. తను రాసిన పాటలో, అదీ ఆ వయసులో, చరణాలంతటా తన వాయిద్యాన్ని పక్కన పెట్టేయగలగడం నాకు ఎంత తలుచుకున్నా ఆశ్చర్యమే.

చరణం మొత్తం ఊరికే ఉండటం వినడానికి తేలిక. చేతిలో బేస్ ఉండి, యాంప్ ఆన్‌లో ఉన్నప్పుడు కాదు. మనం ముట్టకపోయినా గదిలో పాట గట్టిగా మోగుతుంటే ఖాళీ తీగలు వాటంతట అవే సన్నగా మోగుతుంటాయి. ఎడమ చేతి నాలుగు వేళ్లూ తీగల మీద తేలిగ్గా పరుస్తున్నాను, ఫ్రెట్‌కి (మెడ మీది అడ్డ లోహపు గీతకి) నొక్కకుండా. ఒక్క వేలే ఆనితే హార్మోనిక్ (గంటలాంటి సన్నటి పై స్వరం) పలికే ప్రమాదం ఉంది కాబట్టి కనీసం రెండు వేళ్లు. కుడి బొటనవేలు ఇ తీగ మీద. వేరే తీగకి వెళ్తే బొటనవేలు కూడా వెంటే కదిలి, వదిలొచ్చిన తీగ మీద ఆనుతుంది. ఈ ఒక్క అలవాటు మిగతా పాటలన్నిటికీ పనికొచ్చింది. కొత్తగా బేస్ పట్టుకున్నవాళ్లకి నేనైతే స్కేల్స్ కంటే ముందు ఇదే చెప్తాను.

మనీ

ఎక్కువ కాలం కూర్చున్నది దీని మీదే. పింక్ ఫ్లాయిడ్, 1973, 'ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్'. రాసింది, బేస్ వాయించింది రోజర్ వాటర్స్. నాణేల చప్పుడు, క్యాష్ రిజిస్టర్ గణగణ, ఇలా ఏడు శబ్దాల టేపు ముక్కల్ని సమానంగా కత్తిరించి అతికి లూప్‌గా తిప్పారు. ఆ ఏడు లెక్క మీదే రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే వరస) వచ్చి కూర్చుంటుంది. శృతి బి మైనర్, బారుకి (ఒక తాళావర్తనానికి) ఏడు బీట్లు.

వేళ్ల దారి ఇలా. ఎ-స్ట్రింగ్ రెండో ఫ్రెట్ మీద బి. రెండు తీగలు దాటి జి-స్ట్రింగ్ నాలుగో ఫ్రెట్‌లో పై స్థాయి బి, వెంటనే డి-స్ట్రింగ్ నాలుగో ఫ్రెట్‌లో ఎఫ్ షార్ప్. మళ్లీ మొదటి బి. అక్కణ్ణుంచి ఇ-స్ట్రింగ్ రెండో ఫ్రెట్‌లో కింది ఎఫ్ షార్ప్, అదే తీగ అయిదో ఫ్రెట్‌లో ఎ, మళ్లీ బి, చివరికి ఎ-స్ట్రింగ్ అయిదో ఫ్రెట్‌లో డి. చూపుడు వేలు రెండో ఫ్రెట్‌కి, చిటికెన వేలు అయిదో ఫ్రెట్‌కి కేటాయిస్తే చెయ్యి జరపాల్సిన పనే లేదు. ఎ కోసం ఖాళీ తీగ వాడొచ్చు గానీ నేను వాడను. ఖాళీ తీగని ఆపడం ఇంకో పని, ధ్వని కూడా మిగతావాటితో కలవదు.

రెండో బీట్‌లో మాత్రమే రెండు స్వరాలున్నాయి, అవీ సమానంగా ఉండవు. ఆ బీట్‌ని తిశ్రంలో (మూడు సమాన భాగాలుగా) 'తకిట' అనుకుని, 'త' మీద పై బి, 'ట' మీద ఎఫ్ షార్ప్ పెడితే సరిగ్గా కూర్చుంటుంది. సమానంగా పంచి వాయిస్తే స్వరాలన్నీ సరైనవే అయినా పాట కవాతులా తయారవుతుంది.

ఏడుని ఒకటి నుంచి ఏడు దాకా లెక్కపెడుతూ వాయించడం నాకు అసహజంగా ఉంది. మన చేతికి మిశ్రచాపు ఉంది కదా, మూడూ నాలుగూ. ఈ రిఫ్ కూడా సరిగ్గా అలాగే విరుగుతుంది. మొదటి మూడు బీట్లలో బి నుంచి ఎగిరి మళ్లీ బి దగ్గరికి వచ్చేస్తుంది. తర్వాతి నాలుగు బీట్లు కింది ఎఫ్ షార్ప్ నుంచి డి దాకా మెట్లెక్కుతాయి. 'తకిట తకధిమి' అని నోటితో అంటూ వాయిస్తే లెక్క అక్కర్లేకుండా మళ్లీ సమం మీదకి వచ్చి పడుతున్నాను. చిన్నప్పుడు కాస్తో కూస్తో కర్ణాటక సంగీతం నేర్చుకున్న తెలుగువాళ్లు ఎవరైనా ఈ పాట ఇలా పట్టుకుంటే చాలా త్వరగా వస్తుంది.

మెట్రోనోమ్‌ని (లయకి క్లిక్ కొట్టే పరికరాన్ని) సగం వేగానికి పెట్టి, బీటు విడిచి బీటు క్లిక్ పడేలా చేసుకున్నాను. ఏడు బేసి సంఖ్య కాబట్టి ఒక బారులో క్లిక్ 1, 3, 5, 7 మీద పడుతుంది, తర్వాతి బారులో 2, 4, 6 మీద. రెండు బార్లకోసారి మళ్లీ మొదటికి వస్తుంది. మొదట్లో తల తిరిగినట్టుంటుంది. అది నిలబడ్డాక పాట పక్కన వాయిస్తే చెయ్యి ఎంత తేలిగ్గా ఉంటుందో చెప్పలేను. గిటార్ సోలో దగ్గర లయ 4/4కి (బారుకి నాలుగు బీట్లకి) మారుతుంది, చివరి చరణానికి మళ్లీ ఏడుకి వస్తుంది. ఆ తిరిగి రావడం కోసం విడిగా సాధన చెయ్యాలి. నాలుగులో చాలాసేపు ఉన్న చెయ్యి ఏడుకి అంత సులువుగా ఒప్పుకోదు.

ఇక ఆపడం. మెట్లెక్కే నాలుగు స్వరాలూ ఒకదానికొకటి అంటుకోకూడదు, అలాగని తుంచినట్టూ ఉండకూడదు. ఎడమ వేలు ఎత్తెయ్యకుండా, ఫ్రెట్ మీంచి కొంచెం వదులు చేస్తే స్వరం శుభ్రంగా ఆగుతుంది. బ్రిడ్జ్ (తీగలు బేస్ ఒంటి మీద ఆనే చోటు) దగ్గర తీగల కింద గిన్నెలు తోమే స్పాంజి ముక్క సన్నగా కోసి దూర్చాను, టోన్ నాబ్ సగానికి తగ్గించాను. మోత తగ్గి దెబ్బ స్పష్టంగా వినిపిస్తోంది. మెట్రోనోమ్ మీద నిమిషానికి 90 బీట్ల దగ్గర మొదలుపెట్టి ఇప్పుడు 115 దగ్గర తడబాటు లేకుండా వస్తోంది. రికార్డు వేగం ఇంకా పైనే ఉంది.

వాక్ ఆన్ ద వైల్డ్ సైడ్

లూ రీడ్, 1972. వాయించినది హర్బీ ఫ్లవర్స్, లండన్ సెషన్ కళాకారుడు (ఎవరి రికార్డింగుకైనా డబ్బు తీసుకుని వాయించేవాడు). ముందు నిలువు డబుల్ బేస్ మీద వాయించి, దాని మీద ఎలక్ట్రిక్ బేస్‌తో పదో స్వరం ఎత్తులో (కింద సి ఉంటే పై స్థాయి ఇ దగ్గర) ఇంకో వరస చేర్చాడు. సెషన్‌లో రెండో వాయిద్యం వాయిస్తే డబ్బు రెండింతలు వస్తుందని ఆయనే దాపరికం లేకుండా చెప్పేవాడు. కారణం ఏదైతేనేం, సి, ఎఫ్ అనే రెండే కార్డుల (కలిపి మోగే స్వరాల గుంపుల) మీద నడిచే చరణానికి ఆ రెండు బేస్‌ల జారు తప్ప ఇంకేం అవసరం లేకుండా పోయింది.

నా దగ్గర ఉన్నది ఒకటే బేస్. అందుకని రెండు వరసలూ ఒకేసారి వాయిస్తున్నాను. ఇ-స్ట్రింగ్ ఎనిమిదో ఫ్రెట్‌లో సి, జి-స్ట్రింగ్ తొమ్మిదో ఫ్రెట్‌లో ఇ, రెండూ కలిపి పట్టి అలాగే అయిదు ఫ్రెట్లు పైకి జారితే ఎఫ్, ఎ. కింది తీగ బొటనవేలితో, పైది చూపుడు వేలితో మీటాలి. మధ్య రెండు తీగల్నీ ఎడమ చూపుడు వేలి అంచు ఆనించి మూసెయ్యాలి. ఇక్కడ ఆపడానికి బదులు మోగనివ్వడమే పని. జారు పూర్తయ్యేదాకా వేలి ఒత్తిడి కాస్త తగ్గినా స్వరం దారిలోనే చచ్చిపోతుంది. స్పాంజి తీసేశాను. రోజుకి పది నిమిషాలు మించి చెయ్యను, మణికట్టు లాగుతుంది.

రౌండ్ అబౌట్

యెస్ బృందం, 1971లో వచ్చిన 'ఫ్రాజైల్' ఆల్బమ్. బేస్ క్రిస్ స్క్వయిర్. ఇళయరాజా పాటల్లో బేస్ వింటూ పెరిగిన చెవికి, బేస్ కూడా ఒక పాట పాడగలదన్నది కొత్త కాదు. కానీ బేస్ ఇలా ముందుకొచ్చి గిటార్ పక్కన నిలబడి ఉరమడం ఈ రికార్డులోనే నాకు మొదట వినిపించింది. ఆయనది రికెన్‌బాకర్ కంపెనీ బేస్. రెండు పికప్‌ల (తీగల కదలికని పట్టుకునే అయస్కాంతాల) ధ్వనినీ వేర్వేరుగా యాంప్‌లకి పంపేవాడు. అడుగు లోతు ఒకదాంట్లోంచి, పై గరుకు ఇంకోదాంట్లోంచి వస్తాయి. నా బేస్‌తో ఆ ధ్వని రాదు, దానికోసం డబ్బు తగలెయ్యాలనీ లేదు.

చేతికి దొరికేది ఆయన పిక్ (తీగ మీటే చిన్న పలక) పట్టు. పిక్‌ని చాలా పొట్టిగా పట్టుకుంటే, తీగని పిక్ తాకిన వెంటనే బొటనవేలి కండ కూడా తాకుతుంది. స్వరం పైఅంచున ఒక చిన్న మెరుపు వస్తుంది. ఒక మిల్లీమీటరు మందం పిక్ నాకు కుదిరింది, అంతకంటే పల్చనివి వంగిపోతున్నాయి. స్పాంజి లేకుండా, టోన్ పూర్తిగా తెరిచి. ఈ పాటలో ప్రతి స్వరం పొట్టిది. వాటి మధ్య ఖాళీల్లోనే బిల్ బ్రూఫోర్డ్ వాయించే స్నేర్ డ్రమ్ వినిపిస్తుంది. నేను స్వరాల్ని సాగదీస్తే ఆ స్నేర్ మునిగిపోతోంది, రికార్డ్ చేసుకుని వింటే తెలుస్తుంది. 80 దగ్గర చరణం లైను శుభ్రంగా ఉంది. 100 దాటితే కుడి చెయ్యి బిగుసుకుంటోంది కాబట్టి అక్కడే ఆగి, భుజం వదులు చేసి మళ్లీ 90కి దిగుతున్నాను.

'ద చెయిన్' చివర్లో జాన్ మెక్‌వీ లైను మధ్యలో విరామంగా వాయించుకుంటున్నా. ఫ్లీట్‌వుడ్ మ్యాక్, 1977. బిబిసి వాళ్లు ఏళ్ల తరబడి కారు రేసుల కార్యక్రమానికి వాడుకున్న ముక్క అది. నేర్చుకోవడం తేలిక, వాయిస్తుంటే ఒళ్లు పొంగుతుంది.

ద రియల్ మీ

ద హూ, 1973, 'క్వాడ్రోఫీనియా'. బేస్ జాన్ ఎంట్విజిల్. నాకు తెలిసిన రాక్ బేస్‌లో ఇంతకు మించింది లేదు. బృందంలో గిటార్ వాయించేది ఒక్కరే. ఆ ఖాళీనంతా ఎంట్విజిల్ తన బేస్‌తో నింపేస్తాడు, అయినా పాట కిక్కిరిసినట్టు ఉండదు. ఎందుకంటే ప్రతి పరుగు తర్వాతా ఒక చోట నిలబడతాడు. అరవైల్లో రోటోసౌండ్ సంస్థతో కలిసి రౌండ్‌వూండ్ బేస్ తీగలు రూపొందించడంలో ఆయన చెయ్యి ఉంది. ఆ లోహపు పదును ఈ పాటంతటా వినిపిస్తుంది. అదే ఆల్బమ్‌లో హార్న్ వాద్యాలు కూడా ఆయనే వాయించాడు.

దీని పరుగుల్ని ఇంకా ముట్టుకోలేదు. మొదటి ఎనిమిది బార్లు సగం వేగంలో పెట్టి, ఆయన ఆగిన చోట్లు మాత్రమే కాగితం మీద గుర్తు పెట్టుకుంటున్నాను, ఏ బీటు మీద ఆగాడు, ఎంతసేపు ఉన్నాడు అని. ఆ చోట్ల స్వరం ఒక్కటే వాయిస్తూ, మధ్యలో పరుగు ఉన్నంతసేపు తీగలు మూసి లయ మాత్రం నడుపుతున్నాను. నాలుగు బార్లు ఇలా కుదిరాయి. మిగతా నాలుగు కుదిరాక ఒక్కో పరుగు నింపడం మొదలుపెడతాను. ఈలోగా కొత్త రౌండ్‌వూండ్ సెట్ తెప్పించాను, ఇప్పుడున్న తీగల్లో ఆ పదును అరిగిపోయింది.