తంగేడు కట్టలకు లగేజీ టికెట్

డాలస్‌లో ఏ తెలుగు ఫంక్షన్‌కు వెళ్లినా మా పెద్దమ్మాయిని తోటి పిల్లలు అడిగేది ఒకటే. "మీరు తెలంగాణే కదా, మీ ఇంట్లో బతుకమ్మ ఎందుకు పేర్చరు?" ఆదివారం చర్చికి పోతే ఇంకో బాధ. అది సరదాగా పెట్టుకున్న బొట్టు స్టిక్కర్ చూసి ఒకావిడ "ఏందమ్మా ఇది?" అంటుంది. ఓ రోజు కారులో విసుక్కుంటూ "అసలు మనం ఏ సైడ్ అమ్మా?" అని అడిగింది. నాకు బైబిల్ వాక్యాలు చెప్పడం రాదు. మా నాయిన సంగతులు చెప్పడం వచ్చు.

నాయిన దేవరకొండ డిపోలో ఆర్టీసీ కండక్టర్. ఆదివారం ఎం.బి. చర్చిలో, అంటే మెన్నొనైట్ బ్రదరెన్ అనే క్రైస్తవ శాఖ చర్చిలో, డీకన్ (సంఘ పరిచారకుడు). ఎక్కువగా పల్లె బండ్ల మీద నైట్‌హాల్ట్ డ్యూటీలు పడేవి. బతుకమ్మ మొదలయ్యే పెత్రమాస (అమావాస్య) దగ్గరపడిందంటే, పొద్దున తండాల మీదుగా తిరిగొచ్చే బస్సు టాపు మీద గునుగు, తంగేడు కట్టలు ఉండేవి. అవి మా వాడకట్టు ఆడపిల్లల కోసం. చెలకలన్నీ ప్లాట్లయి ఊరి చుట్టుపక్కల పూలు దొరకని రోజులు. చర్చి సంఘంలో ఇద్దరు ముగ్గురికి ఇది మింగుడుపడలేదు. డీకన్ అయ్యుండి బతుకమ్మకు పూలు మోస్తాడా అని కమిటీలో మాటొచ్చింది. నాయిన వాదన పెట్టుకోలేదట. "లగేజీ టికెట్ కొట్టే తెచ్చిన. నా జేబుల పైసలే, లెక్క చూసుకోండ్రి" అన్నాడట. వాళ్లడిగింది అది కాదని ఆయనకూ తెలుసు.

అట్లాగని ఆయనకు పట్టింపులు లేవనుకోవద్దు. బతుకమ్మ దగ్గరికి పోయేవాడు కాదు, దేవుళ్ల ముందు పెట్టినవి తినేవాడు కాదు. ఆ సంగతి పక్కింటివాళ్లకు తెలుసు. సద్దుల నాడు నైవేద్యం పెట్టకముందే మా గిన్నె పక్కకు తీసి సత్తుపిండి పంపేవాళ్లు. క్రిస్మస్‌కు మా గర్జెలు వాళ్లింటికి పోయేవి. ఎవరి హద్దు ఎక్కడుందో అందరికీ తెలుసు కాబట్టి రాకపోకలకు ఇబ్బంది ఉండేది కాదు. ఇక్కడ మా అపార్ట్‌మెంట్లలో ఒకరి హద్దు ఒకరికి తెలియదు, అడగడానికి మొహమాటం. అందుకే పిల్లలు ఇట్లాంటి ప్రశ్నలతో ఇంటికొస్తారని నాకనిపిస్తుంది.

డీకన్ అంటే ఏం చేస్తారని చిన్నోడు అడిగాడు. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయంలో ఉంది కదా, రోజూ పంచే భోజనంలో కొందరు విధవరాండ్రకు అన్యాయం జరుగుతోందని గొడవొస్తే ఏడుగురిని ఏర్పాటు చేశారని. నాయిన చేసింది అదే పని, దేవరకొండ పద్ధతిలో. ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆచారం) ఉన్న ఆదివారం తెల్లారకముందే పోయి జంపఖానాలు పరిచేవాడు. ఆరాధన అయ్యాక కానుక లెక్క. ఒక్కడే ఎప్పుడూ లెక్కపెట్టలేదు, పక్కన ఇంకో మనిషి ఉండాల్సిందే. బస్సులో ఎస్సార్ (టికెట్ల లెక్క కాగితం) రాసినట్టే అణా పైసలతో రాసి ఇద్దరూ సంతకాలు పెట్టేవాళ్లు. ఎవరైనా చనిపోతే సెలవు పెట్టి పెట్టె చేయించడం, గుంత తవ్వించడం, దూరం నుంచి వచ్చిన చుట్టాలకు టీ నీళ్లు చూడటం. ప్రార్థన మాత్రం పొట్టిగా చేసేవాడు. వీడియో కాల్‌లో మా పిల్లలకు ఆయనలో నచ్చింది కూడా అదే!

పెద్దదానికి స్కూల్లో కుటుంబ చరిత్ర ప్రాజెక్టు ఇచ్చారు. మీ మతం అమెరికా నుంచి వచ్చిందా అని టీచర్ అడిగిందట. నేను నల్లగొండ నుంచి మొదలుపెట్టాను. రష్యా సామ్రాజ్యంలోని మెన్నొనైట్ ఊళ్ల నుంచి అబ్రహాం ఫ్రీజెన్, మరియా దంపతులు 1889లో బయల్దేరొచ్చి నల్లగొండలో పని మొదలుపెట్టారు. వాళ్లు వదిలొచ్చిన ప్రాంతం ఇప్పుడు ఉక్రెయిన్‌లో ఉంది. అమెరికా మెన్నొనైట్లు వచ్చింది ఆ తర్వాతే. దానికి ఇది భలే నచ్చింది, మ్యాపు గీసుకుంది. నచ్చని భాగం కూడా చెప్పాను. ఆ సంఘాల్లోకి వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఊరి బయట గూడేలవాళ్లు, మా తాతముత్తాతలూ వాళ్లలోనే. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులు ఎస్సీలు కారు. మా సర్టిఫికెట్లలో బీసీ-సీ అని ఉండేది అందుకే. ఇది మాత్రం ప్రాజెక్టులో రాయనంది. ఎప్పుడు రాయాలో దానికే తెలుస్తుందని ఊరుకున్నాను.

నాయిన పోయిన ఏడాదికి జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. పిల్లల్ని తీసుకొని పోయాను. పాస్టరు అయ్యగారు "విశ్వాస వీరుడు" అంటూ చాలాసేపు మాట్లాడారు. అట్లాంటి మాటలు ఎవరు పోయినా అంటారు. పిల్లలు ఫ్యాన్ వైపు చూస్తూ కూర్చున్నారు. తర్వాత ఒక తండా నుంచి వచ్చిన లంబాడీ అవ్వ లేచింది. ఆమె చర్చి మనిషి కాదు. చిల్లర లేక టికెట్ వెనక బాకీ రాసిస్తే, మర్చిపోయి దిగిపోయేదట. "మరునాడు ట్రిప్పుకు తండ కాడ బండి ఆపి, నన్ను పిలిచి, నా చేతుల పెట్టేటోడు. ఎనిమిదణాలైనా సరే" అంది. చిన్నోడు నా చెయ్యి గుంజి "ఏమంటోంది?" అని అడిగాడు. అంతసేపట్లో వాడు అడిగింది ఆ ఒక్కసారే.

అందరూ చెప్పిన ఇంకో మాట, డీకనయ్య ఇంటికి పోతే అన్నం తినకుండా పంపేవాడు కాదని. భోజనాలయ్యాక పెద్దది అరుగు మీద అమ్మమ్మ పక్కన చేరింది. "అమ్మమ్మా, ఆ అన్నం వండింది ఎవరు? నీ గురించి ఎవ్వరూ చెప్పలేదేంటి?" అని నిలదీసింది. మా ఊళ్లో ఏ ఆడపిల్లా అడగని ప్రశ్న. నేనూ అడగలేదు.

అమ్మ నవ్వింది. "వండుడు ఒక లెక్కనా బిడ్డా! ఇంటింటికీ తిరిగి పిడికెడు బియ్యం జమచేసేది మీ తాత. ఒకరివి సన్నబియ్యం, ఒకరివి కంట్రోల్ బియ్యం, అన్ని కలిపి గోనెసంచిల పోసుకొస్తుండె. ఆ రాళ్లు, మెరిగెలు ఎవరు ఏరిండ్రో అడుగు మీ అమ్మని."

"ఎవరు ఏరారు?" అని నా వైపు తిరిగింది. అమ్మ నా జవాబు కోసం ఆగలేదు. "శనివారం నైట్‌హాల్ట్ లేకుంటే ఆయన కూడ కూసుంటుండె తియ్. కానీ ఆ చాట పట్టుడు రాకపాయె మనిషికి."