చివరి వరసలో బక్కపిల్లాడు

మన వాట్సాప్ గ్రూపులో 1981 నాటి పదో తరగతి ఫొటో కనిపించగానే నేనో ఘనకార్యం చేశాను. చివరి వరసలో, వేపచెట్టు పక్కన తలొంచుకుని నిలబడ్డ బక్కపిల్లాడి చుట్టూ ఎర్ర గీత గీసి, ‘ఇదుగో నేను’ అని పెట్టాను. అరగంటలో గుంటూరు నుంచి, అప్పటి క్లాసువాడు ఒకడి ఫోను.

‘ఒరేయ్, అది నువ్వెలా అవుతావురా? ముందు వరసలో, హెడ్మాస్టారి కాళ్ల దగ్గర పలక పట్టుకుని ఇకిలిస్తున్నావు, చూసుకో.’

పెద్దది చేసి చూశాను. నిజమే. చొక్కాకి పైగుండీ ఊడిపోతే అమ్మ పిన్నీసు పెట్టింది. ఆ పిన్నీసుని బట్టి గుర్తుపట్టాను గానీ మొహాన్ని బట్టి కాదు.

బడిలో నోరెత్తేవాణ్ని కాదనీ, ఉద్యోగంలో చేరాకే మాటలొచ్చాయనీ మా పిల్లలకి ఎన్నిసార్లు చెప్పానో. ఆ ముక్కే వాడితో అంటే పగలబడి నవ్వాడు. ‘నువ్వు నోరు మూస్తే కదరా మాకు పాఠం వినపడేది!’

బెజవాడ వాళ్లం కదా, వయసు పుష్కరాలతో లెక్కేసుకుంటాం. 1980లో నాకు 14 ఏళ్లు. నాన్న చెయ్యి విదిలించుకుని మరీ కృష్ణలోకి దూకాను. 1992లో దేవుడూ లేడు, దయ్యమూ లేదని గట్టు మీదే కూర్చున్నాను. కొత్త పెళ్లికూతురు, పాపం, ఒక్కతే మునిగొచ్చింది. 2004లో అదే గట్టున నాన్నకి పిండం పెట్టాను. నమ్మకం సంగతి ఎవరూ అడగలేదు, నేనూ ఎత్తలేదు. 2016లో దుర్గా ఘాట్‌లో మోకాళ్లు మొరాయిస్తే మెట్టు మీద కూర్చుని చెంబుతో పోసుకున్నాను. ప్రతిసారీ ఒకటే అనుకున్నా: ఇక మనం ఇంతే, ఇంతకంటే మారేదేం లేదు.

ఈ భ్రమ నా ఒక్కడిదే కాదట. 2013లో డేనియల్ గిల్బర్ట్, మరో ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ‘సైన్స్’ పత్రికలో రాశారు. 18 నుంచి 68 ఏళ్ల దాకా, 19,000 మందికి పైగా జనాన్ని కదిపి చూశారు. గడిచిన పదేళ్ల సంగతి అడిగితే చాలా మారామన్నారట కొందరు, వచ్చే పదేళ్ల సంగతి అడిగితే పెద్దగా మారబోమన్నారట మరికొందరు. వాళ్ల లెక్క పదేళ్లు, మనది పన్నెండు.

ఇంతకీ ఆ బక్కపిల్లాడెవరో గ్రూపులో ఎవరూ చెప్పలేకపోయారు. ఈ సంచికలో ఆ ఫొటో వేస్తున్నారు. ఒరే అబ్బాయ్, వేపచెట్టు పక్కనున్నది నువ్వే అయితే ఒక్కసారి ఫోను చెయ్యి. ఇన్నేళ్లూ నీ బిడియం నాదని చెప్పుకు తిరిగాను. ఆదివారాలు ఇంట్లోనే ఉంటాను.