పూడిపోయిన గట్టు కాలువ

కట్టడం మొదలయ్యేలోపు నేలలో పాతకాలపు ఆనవాళ్లున్నాయేమో చూడటం నా పని. జేసీబీకి పళ్లు లేని బకెట్ వేయించమని ముందే అడిగాను. పళ్లున్నదైతే మట్టిని చీల్చేస్తుంది, రంగు తేడా తెలియదు. పైమట్టి పల్చగా తీస్తుంటే పసుపు నేలలో అడ్డంగా ఓ నల్లటి చార తేలింది. చెయ్యెత్తి జేసీబీ ఆపించాను.

తాపీతో గీకి చూస్తే పాత పొలం సరిహద్దు కాలువ! అడుగున సన్నటి ఒండ్రు, అంటే నీళ్లు నిలిచేవన్నమాట. దానిపైన గట్టు కూలి పడ్డ మట్టి. ఒండ్రులో గోరంత కుండపెంకు దొరికింది. అదొక్కటే కాలం తేల్చదు, ఎరువుతో పాటు పొలంలోకి వచ్చి తర్వాత జారి ఉండొచ్చు. అందుకే ఆ ఒండ్రు కూడా పరీక్షకని సంచిలో కట్టాను.

స్కేలు పెట్టి ఫొటోలు తీసి, 1:10 కొలతలో అడ్డుకోత, అంటే కాలువను అడ్డంగా కోస్తే కనిపించే పొరల బొమ్మ, గీశాను. డ్రైవర్ దిగొచ్చి, "ఇక్కడ గట్టుండేదా మేడమ్?" అని కాలువ పక్కనే కూర్చుండిపోయాడు. రేపు దీని మీద కాంక్రీటు పోస్తారు.