కూపర్స్‌టౌన్‌లో మా మామయ్యగారి స్కోరు పుస్తకం

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్నీ, అత్తమామల్నీ తిప్పి చూపించడానికి న్యూజెర్సీలోని ఎడిసన్ తెలుగువాళ్ల దగ్గర ఒక జాబితా ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. నయాగరా, వాషింగ్టన్, లిబర్టీ బొమ్మ, పిట్స్‌బర్గ్ వెంకన్న. మధ్యమధ్యలో కాస్కో. మా మామయ్యగారు జూన్‌లో వచ్చారు, ఆగస్టు కల్లా జాబితా అయిపోయింది. "ఇంకేమన్నా చూడాలనుందా మామయ్యగారూ?" అని మాటవరసకి అడిగితే, "ఆ జపానాయన బొమ్మ ఎక్కడ పెట్టారమ్మా?" అన్నారు.

జపానాయన అంటే బేస్‌బాల్ ఆటగాడు ఇచిరో సుజుకి. 2025 జూలై 27న, ఆ ఆటలో మహామహులకి ఫలకాలు పెట్టే మ్యూజియం బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయన్ని చేర్చుకున్నప్పటి ప్రసంగం మామయ్యగారు మా సోఫాలో కూర్చుని అనుకోకుండా చూశారు. బేస్‌బాల్ ఆయనకి ఓనమాలు కూడా తెలియదు, నాకూ అంతంతమాత్రమే. అయితే ఇన్నేళ్లూ దుభాషిని పక్కన పెట్టుకుని మాట్లాడిన మనిషి ఆ రోజు మొత్తం ఇంగ్లీషులోనే మాట్లాడి, జనాన్ని నవ్వించాడు కూడా. ఆయన్ని చేర్చాలా వద్దా అని ఓటేసిన విలేకరులు 394 మంది, ఆయనకి పడ్డవి 393. ఆ వేయని ఒక్క పెద్దమనిషికి తన ఇంట్లో భోజనానికి ఇచ్చిన ఆహ్వానం గడువు ఇప్పుడు తీరిపోయిందన్నాడు. మామయ్యగారు పడీపడీ నవ్వారు. ఆ తర్వాత సీరియస్‌గా, "ఇంతకీ ఆ ఒక్కడెవరు? పేరు రాసుకోలేదా ఎవరూ?" అన్నారు.

ఆయన ప్రశ్న నాకు వింతగా అనిపించలేదు. బ్యాంకు ఉద్యోగం చేస్తూ ముప్ఫై ఏళ్లు గుంటూరులో ఆదివారం మ్యాచ్‌లకి స్కోరు రాశారాయన. ఆటగాడు కాదు, అంపైరూ కాదు, స్కోరర్. అంపైర్ సైగ చేస్తే షామియానా కింద నుంచి చెయ్యెత్తి 'చూశాం' అని బదులిచ్చే మనిషి. పరుగులు రాని ఓవరుకి ఆరు చుక్కల్నీ కలిపి ఎమ్ గీస్తారే, ఆ ఎమ్ ఎంత అందంగా ఉంటుందో మా ఆయన ఇప్పటికీ చెబుతుంటారు.

సెప్టెంబరులో ఒక శనివారం తెల్లవారుజామునే, ఆ హాల్ ఉన్న కూపర్స్‌టౌన్‌కి బయల్దేరాం. మా ఆయనకి ఆఫీసులో ఆన్‌కాల్. అందుకని కోడలూ మామగారూ, ఒక డబ్బా పులిహోర, ఒక డబ్బా పెరుగన్నం. దారి నాలుగు గంటల పైచిలుకు. హైవే దిగాక పల్లెదారి, మొక్కజొన్న చేలు, కొండలు.

కూపర్స్‌టౌన్ ఊరు చాలా చిన్నది. జనం రెండు వేలు కూడా ఉండరు, ట్రాఫిక్ లైటు ఒక్కటి. మెయిన్ స్ట్రీట్‌లో ఏ కొట్టు చూసినా బ్యాట్లే, టోపీలే, పాత ఆటగాళ్ల కార్డులే. పేరు చెబితే బ్యాటు మీద చెక్కి ఇస్తారు. తీర్థంలో పూసల దండలమ్మినట్టు అమ్ముతున్నారు.

ఇంత మారుమూల ఊళ్లో ఈ మ్యూజియం ఎందుకుందో చెబితే మామయ్యగారికి భలే నచ్చింది. 1839లో అబ్నర్ డబుల్‌డే అనే ఆయన ఇక్కడ బేస్‌బాల్ కనిపెట్టాడని ఒక కమిటీ 1907లో తేల్చింది. నిజానికి 1839లో డబుల్‌డే వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీలో విద్యార్థి. కథ ఒట్టిదే. అయినా ఆ లెక్క ప్రకారం నూరేళ్లు నిండాయని 1939లో ఇక్కడ హాల్ తెరిచారు. "స్థలపురాణమన్నమాట," అన్నారాయన, చేతులు వెనక్కి కట్టుకుని.

ఫలకాల హాల్లోకి అడుగుపెట్టగానే గొంతు దానంతటదే తగ్గుతుంది. ఎత్తైన పాలరాతి స్తంభాలు, గోడల నిండా కంచు ఫలకాలు. ప్రతిదాని మీదా ఒక ముఖం, కింద నాలుగైదు వాక్యాలు. 2025లో చేరిన ఐదుగురితో కలిపి మొత్తం 351 మంది. మేం తిన్నగా ఇచిరో దగ్గరికి పోలేదు. "మొదటి పేజీ నుంచి చూద్దాం" అన్నారు మామయ్యగారు. 1936లో ఎన్నికైన మొదటి ఐదుగురు, బేబ్ రూత్, టై కాబ్ వగైరాల నుంచి మొదలుపెట్టాం. చత్వారపు కళ్లజోడు కారులో మర్చిపోయి వచ్చారు కాబట్టి చదివి తెలుగులో చెప్పే పని నాది. ఓ ముప్ఫై ఫలకాలయ్యేసరికి నా గొంతు ఆరిపోయింది.

1939లో చేరిన జార్జ్ సిస్లర్ దగ్గర ఆయన నన్ను ఆపేశారు. 1920లో 257 హిట్లు, 1922లో సగటు .41979 అని కంచులో ఉంది. బంతి కొట్టి అవుట్ కాకుండా బేస్ చేరితే హిట్. "ఐదు దశాంశాలా!" అని ఫలకానికి ముక్కు తగిలేంత దగ్గరికి వెళ్లారు. ఎవరో తన మనసెరిగిన వాడు ఇక్కడ పని చేశాడన్న సంతోషం ఆ ముఖంలో. నేనప్పుడు చెప్పాను, ఆ 257ని 84 ఏళ్ల పాటు ఎవరూ దాటలేదనీ, 2004 అక్టోబరు 1న సియాటిల్‌లో దాటింది మన జపానాయనేననీ. దాటగానే ఆయన ప్రేక్షకుల్లో కూర్చున్న సిస్లర్ కుటుంబం దగ్గరికి పరిగెత్తి చేతులు కలిపాడు. 2009లో సెయింట్ లూయిస్ వెళ్లినప్పుడు సిస్లర్ సమాధి వెతుక్కుంటూ వెళ్లి పూలు పెట్టి వచ్చాడు.

"ఎన్ని మ్యాచ్‌ల్లో?" అన్నారు మామయ్యగారు.

సిస్లర్ 154, ఇచిరో 161.

"అయితే పక్కన చుక్క పెట్టి కింద రాయాలి," అన్నారు. పూల సంగతి వేరు, లెక్క వేరు.

2025 ఫలకాల ముందు జనం గుమిగూడి ఉన్నారు. ఇచిరో తల మీద సియాటిల్ మెరైనర్స్ టోపీ. ఎదురుగా ఒక జపాన్ జంట ఫొటో తీసుకుని, వెనక్కి నాలుగడుగులు వేసి తలవంచి నమస్కరించి వెళ్లారు. మామయ్యగారు కూడా అప్రయత్నంగా చేతులు జోడించి, నేను చూశానని జేబులో పెట్టేసుకున్నారు.

ఆ హాల్లో సిక్సర్ల లాంటి హోమ్ రన్‌లతో పేరు తెచ్చుకున్నవాళ్లు కొల్లలు. ఇచిరో గొప్పదనం సింగిల్స్‌లో ఉంది. 2004 లెక్క ఫోన్‌లో తీసి ఇస్తే మామయ్యగారు చేతిలోని రూళ్ల పుస్తకంలో వేళ్లంత అంకెలతో రాసుకున్నారు: సింగిల్స్ 225, రెండు బేస్‌లవి 24, మూడు బేస్‌లవి 5, హోమ్ రన్‌లు 8. కూడారు. 262. "టాలీ అయింది" అని కింద రెండు గీతలు. 225 సింగిల్స్ అంటే 225 సార్లు ఒళ్లు వంచి పరిగెత్తడం. పుట్టుకతో కుడిచేతివాటం మనిషైనా ఎడమవైపు నిలబడి బ్యాటింగ్ చేసేవాడు. అటు నిలబడితే మొదటి బేస్‌కి రెండడుగులు దగ్గర. బంతి బ్యాటుకి తగలడం, ఆయన పరుగు మొదలవడం ఒక్కసారే అన్నట్టుండేది. ఆ దూరం 90 అడుగులు. మన పిచ్ 66. "మన కుర్రాళ్లు ఆ అరవై ఆరుకే ఆయాసపడతారు," అన్నారు మామయ్యగారు.

జపాన్‌లో 1278 హిట్లు, 27 ఏళ్ల వయసులో ఇక్కడికొచ్చాక 3089. రెండూ కలిపి 4367 అంటారు అభిమానులు. కలిపితే, అమెరికాలో అందరికంటే ఎక్కువ హిట్లు కొట్టిన పీట్ రోజ్ 4256 కంటే ఎక్కువ. నేనైతే కలిపేదాన్నే. మామయ్యగారు ససేమిరా అన్నారు. "రెండు కాలమ్‌లు గీసి పక్కపక్కన రాయాలమ్మా. చదివేవాడు కావాలంటే కూడుకుంటాడు."

నిజం చెప్పాలంటే ఆ రోజు ఆయన్ని ఎక్కువసేపు నిలబెట్టింది ఇచిరో కాదు, హెన్రీ చాడ్విక్. 1938లో చేర్చుకున్నారు. ఒక్క రోజు కూడా ఆటగాడిగా కాదు, రాతగాడిగా. ఇంగ్లండ్‌లో పుట్టి, అమెరికాలో క్రికెట్ మ్యాచ్‌ల వార్తలు రాస్తూ బేస్‌బాల్‌లోకి వచ్చిన విలేకరి. ఆట మొత్తాన్ని ఒక చిన్న పట్టికలో ఇమిడ్చే బాక్స్ స్కోరుకి రూపు దిద్దింది ఈయనే. బ్యాటర్ మూడు స్ట్రైక్‌లకి అవుటైతే ఇప్పటికీ 'కె' అని రాస్తారు. అదీ ఈయన పెట్టిందే, 'స్ట్రక్' అనే మాటలో చివరి అక్షరం. పైగా బేస్‌బాల్ ఇంగ్లండ్ రౌండర్స్ ఆట నుంచి పుట్టిందని వాదించిందీ ఈయనే. ఆ వాదన గిట్టకే కమిటీ వేసి డబుల్‌డే కథ అల్లారు. కమిటీ మెచ్చిన డబుల్‌డేకి ఈ గోడ మీద చోటు దొరకలేదు, చాడ్విక్ ఉన్నాడు. "క్రికెట్ స్కోరరే!" అన్నారు మామయ్యగారు. పొద్దుటి నుంచీ ఆయన గొంతు అంత పైకి లేవడం అప్పుడే.

బయట బెంచీ మీద మెరైనర్స్ టోపీ పెట్టుకున్న ఒక పెద్దాయన మామయ్యగారి రూళ్ల పుస్తకం చూసి మాటలు కలిపాడు. పిచ్చర్ 1, క్యాచర్ 2, అలా ఫీల్డర్లకి నెంబర్లుంటాయట. 6-3 అంటే రెండో, మూడో బేస్‌ల మధ్య ఉండే షార్ట్‌స్టాప్ ఆపి మొదటి బేస్‌కి విసిరితే అవుట్. మూడో బేస్ దగ్గరి ఫీల్డర్ 5, రైట్ ఫీల్డర్ ఇచిరో 9. నేను ఫోన్‌లో 2001 ఏప్రిల్ 11 నాటి వీడియో పెట్టాను. అమెరికాలో తొలి మ్యాచ్ ఆడి రెండు వారాలు కూడా కాకముందు, ఓక్లాండ్‌లో ఆయన విసిరిన బంతి అది. టెరెన్స్ లాంగ్ మొదటి బేస్ నుంచి మూడో బేస్‌కి పరుగు తీస్తున్నాడు. కుడివైపు మైదానం లోంచి బంతి తాడు కట్టి లాగినట్టు నేరుగా మూడో బేస్ దగ్గరికొచ్చి పడింది. లాంగ్ అవుట్. మామయ్యగారు మూడుసార్లు చూసి, పెద్దాయన వైపు తిరిగి, "నైన్, ఫైవ్?" అన్నారు. పెద్దాయన చెయ్యెత్తి తలూపాడు. ఎందుకో ఈయనా చెయ్యెత్తారు.

మధ్యాహ్నం ఓట్సెగో సరస్సు ఒడ్డున పులిహోర విప్పాం. సస్క్వెహానా నది పుట్టేది ఇక్కడే, చూస్తే మన పంట కాలవంత ఉంది. తింటూ 2019 మార్చి 21 సంగతి చెప్పాను. టోక్యో డోమ్‌లో చివరి మ్యాచ్, నాలుగుసార్లు బ్యాటింగ్, ఒక్క హిట్ లేదు. మ్యాచ్ అయిపోయినా జనం కదల్లేదు. చివరికి ఆయనే మళ్లీ మైదానంలోకొచ్చి అందరికీ టోపీ ఎత్తి వెళ్లాడు.

"బ్రాడ్‌మన్‌దీ చివరి టెస్ట్ ఇన్నింగ్స్ సున్నాయే," అన్నారు మామయ్యగారు, పోపులో వేరుశనగలు ఏరుకుంటూ. "అవీ రాయాలి."

తర్వాతి ఆదివారం మా ఇంటి దగ్గర పార్కులో మన కుర్రాళ్లు టెన్నిస్ బాల్ క్రికెట్ ఆడుతుంటే రూళ్ల పుస్తకం పట్టుకుని వెళ్లారు. బౌలర్‌కి 1, కీపర్‌కి 2, అలా పదకొండు మందికీ నెంబర్లిచ్చుకున్నారు. గంటకల్లా తిరిగొచ్చేశారు. ఏమైందంటే, "పాయింట్‌లో ఉన్నవాడికి ఆరిచ్చానమ్మా. ఎడమచేతి బ్యాటర్ వచ్చేసరికి వాడు అటువైపు పోయాడు. ఓవరు మారగానే ఇంకెటో పోయాడు. వీళ్లు ఒక్కచోట నిలబడి చావరు," అని పెన్ను మూత పెట్టేశారు.