తొమ్మిదా, పన్నెండా?

మా కూకట్‌పల్లి ఫ్లాట్‌లో కమోడ్‌కి అడుగున పగులొచ్చింది. ఆదివారం నేనూ మా ఆవిడా రాణిగంజ్‌లో ఓ శానిటరీ షాపుకి వెళ్లాం. తెల్లదా, ఐవరీదా, మూత మెల్లగా దిగేదా అని మేం తర్జనభర్జన పడుతుంటే షాపాయన అడిగాడు: "ఎస్ ట్రాపా, పీ ట్రాపా సార్? సెంటర్ ఎంత?" మొహమొహాలు చూసుకుని ఇంటికొచ్చేశాం.

ఎస్సో పీయో తేల్చడం తేలికే. మురుగు నేలలోకి దిగితే ఎస్, వెనక గోడలోకి పోతే పీ. మాది నేలలోకే. అలాంటప్పుడు గోడ నుంచి నేలలోని పైపు మధ్యదాకా ఎంత దూరమో కావాలి, షాపాయన అడిగిన 'సెంటర్' అదే. మన షాపుల్లో ఎక్కువగా దొరికేవి 4, 9, 12 అంగుళాలవి. కేటలాగ్‌లో 100, 225, 300 మిల్లీమీటర్లని రాసుంటుంది. పీ ట్రాప్ అయితే నేల నుంచి పైపు మధ్యకి ఎత్తు చూస్తారు, సుమారు 180 మిల్లీమీటర్లు.

చిక్కేమిటంటే, కొలవాల్సిన కన్నం పాత కమోడ్ కిందే ఉంది. పక్కనుంచి టేపు పెట్టి, "పన్నెండు ఉంటుందిలే" అని తేల్చేశాను. ప్లంబర్‌కి ఫోన్ చేస్తే, "అంచనాలొద్దు సార్, ఎలాగూ పగిలిందేగా, ఎత్తేసి కొలుద్దాం" అన్నాడు. మాకు ఇంకో బాత్రూమ్ ఉంది కాబట్టి సరేనన్నాను.

సాయంత్రం వచ్చి నీళ్లు తోడేసి, అంచు చుట్టూ ఉన్న తెల్ల సిమెంటు ఉలితో కొట్టి ఎత్తాడు. కన్నంలో గుడ్డ కుక్కాడు, వాసన రాకుండా, పెళ్లలు పడకుండా. గుండ్రటి పైపుకి మధ్య ఎక్కడో కంటితో చెప్పలేం. గోడ టైల్ నుంచి దగ్గరి అంచుకి 17 సెంటీమీటర్లు, అవతలి అంచుకి 28. కలిపి సగం చేస్తే 22.5. అంటే తొమ్మిది! నా పన్నెండుని నమ్మి కొనుంటే కమోడ్ వీపు గోడకి తగిలి ఆగిపోయేది, దాని మూతి పైపు మీదికి రావడానికి ఇంకా మూడంగుళాలు తక్కువయ్యేది.

పనిలో పనిగా గోడకి కొత్త టైల్స్ కూడా అంటిద్దామంది మా ఆవిడ. పాతవాటి మీదే వేస్తే సెంటీమీటరు పైనే మందం పెరిగి, ఆ 22.5 కాస్తా 21కి దిగుతుంది. ఆ ముచ్చట వాయిదా పడింది.

తలుపు సంగతి మాత్రం ఆవిడకే తట్టింది. పాతదాని పొడవు 62 సెంటీమీటర్లు, మాకు నచ్చిన వన్ పీస్‌ది (ట్యాంకూ కమోడూ ఒకే ముక్కగా ఉండేది) 70. మా బాత్రూమ్ తలుపు లోపలికి తెరుచుకుంటుంది. పేపరు ఆ కొలతకి కత్తిరించి నేలమీద పరిచి తలుపు తీసి చూసింది. నాలుగు వేళ్ల సందు మిగిలింది. యాంగిల్ కాక్ (ట్యాంకుకి నీళ్లిచ్చే చిన్న కుళాయి) దగ్గర మాత్రం గీసుకుపోయేలా ఉంది: వన్ పీస్ ట్యాంకు కిందికి, వెడల్పుగా ఉంటుంది కదా, గోడలోంచి పొడుచుకొచ్చిన కాక్ సరిగ్గా దాని వెనక్కి వస్తుంది. నేల నుంచి దాని ఎత్తు, పైపు మధ్య నుంచి ఎంత ఎడమకి ఉందో రాసుకుని షాపుకెళ్లి, ట్యాంకు కాస్త సన్నగా ఉన్న వేరే మోడల్ తీసుకున్నాం. రంగు గురించి ఈసారి ఇద్దరం నోరెత్తలేదు.

బిగించడం గంటన్నరలో అయిపోయింది. పాత కమోడ్ ఇంకా సెల్లార్‌లోనే ఉంది, ఎప్పుడు తీయిస్తారని వాచ్‌మన్ రోజూ అడుగుతున్నాడు.