పాత స్ట్రాటోకాస్టర్‌కు కొత్త బ్రిడ్జి ఎంచుకోవడం

మా అన్నయ్య అమెరికా నుంచి తెచ్చి నాకిచ్చిన స్ట్రాటోకాస్టర్ (ఫెండర్ కంపెనీ ఎలక్ట్రిక్ గిటారు) 1990ల మధ్యలో మెక్సికోలోని ఎన్సెనాడా కర్మాగారంలో తయారైనది. చాలా ఏళ్లు విశాఖపట్నంలో సముద్రపు గాలి తగిలే గదిలో ఉన్నందువల్ల చెక్కకు ఏమీ కాకపోయినా, తీగలను బాడీకి పట్టి ఉంచే లోహపు బ్రిడ్జి మాత్రం ఉప్పుకూ చేతి చెమటకూ లొంగిపోయింది. దాని మీద ఒక్కో తీగ ఆనే శాడిళ్ల ఎత్తు సరిచేసే చిన్న స్క్రూలు తుప్పుతో బిగుసుకుపోయాయి. వాటిలో కొన్నింటి తలలు అలెన్ కీకి పట్టు దొరకనంతగా అరిగిపోయాయి. ఎత్తు సరిచేయడానికి వీల్లేని శాడిల్ మీద తీగ ఉంచి వాయించడంలో అర్థం లేదు కాబట్టి, మొత్తం బ్రిడ్జినే మార్చాలని నిశ్చయించుకున్నాను. నాలాగే పాత గిటారు చేతికి వచ్చినవారికి ఉపయోగపడుతుందని, ఆ ఎంపికలో నేను చూసుకున్న విషయాలను ఇక్కడ రాస్తున్నాను.

బ్రిడ్జి కొనాలనుకునేవారు ముందుగా చదివేది లోహాల గురించే. బ్రిడ్జి కింద బాడీలోకి దిగి ఉండే బ్లాకు, అంటే లోహపు దిమ్మ, ఉక్కుదైతే మంచిదా, ఇత్తడిదైతే మంచిదా, జింకు మిశ్రమం నాదాన్ని మింగేస్తుందా అన్న వాదనలకు అంతులేదు. నా దృష్టిలో అది ఆఖరున తేల్చుకోవలసిన సంగతి. పాత గిటారు చెక్కలో ఇప్పటికే ఉన్న రంధ్రాలు ఏ కొలతలో ఉన్నాయన్నదే అన్నిటికంటే ముందు తేలాలి, ఎందుకంటే ఆ కొలతకు సరిపోని బ్రిడ్జి ఎంత మేలైన లోహంతో చేసినదైనా, దాన్ని బిగించడానికి చెక్కను తొలవక తప్పదు.

1954లో స్ట్రాటోకాస్టర్‌తో పాటు వచ్చిన ట్రెమెలో బ్రిడ్జి, అంటే ఆర్మ్ అనే కడ్డీని నొక్కి స్వరాన్ని కదిలించగల బ్రిడ్జి, ముందు అంచున వరుసగా ఉండే ఆరు స్క్రూల మీద ఊగుతుంది. లియో ఫెండర్‌కు దాని మీద 1956లో పేటెంటు లభించింది. ఆ పాత అమెరికన్ కొలతలో మొదటి స్క్రూ నడిమి నుంచి ఆరో స్క్రూ నడిమి వరకు దూరం దాదాపు 56 మిల్లీమీటర్లు. మెక్సికోలో చేసిన స్టాండర్డ్ గిటార్లలో, ఆసియా దేశాల్లో తయారైన అనేక నమూనాల్లో అదే దూరం 52.5 మిల్లీమీటర్లు ఉంటుంది. చూపుకు రెండూ ఒకేలా కనిపిస్తాయి. అమ్మకపు చిత్రాల్లో అయితే తేడా పట్టుకోవడం అసాధ్యం. అందుకే వెర్నియర్ కాలిపర్‌తో, అది లేకపోతే కనీసం మంచి ఉక్కు స్కేలుతో, పాత బ్రిడ్జిని విప్పి చెక్క మీది రంధ్రాలనే కొలవాలి.

ఈ మూడున్నర మిల్లీమీటర్ల తేడాను చిన్నదిగా చూడకూడదు. 52.5 రంధ్రాల మీద 56 కొలత బ్రిడ్జి పలకను పెడితే నడిమి రెండు స్క్రూలు అర మిల్లీమీటరు కూడా పక్కకు పోవు. అందువల్ల అది సరిపోతుందన్న భ్రమ కలుగుతుంది. పక్క రంధ్రాలు ఒక మిల్లీమీటరుకు పైగా, చివరి రెండూ సుమారు రెండు మిల్లీమీటర్లు తప్పుకుంటాయి. బలవంతంగా బిగిస్తే స్క్రూలు ఏటవాలుగా దిగుతాయి. పలక అంచు వాటికి రాసుకుంటూ ఊగుతుంది కనుక, ఆర్మ్ నొక్కి వదిలిన ప్రతిసారీ శ్రుతి కొద్దిగా పక్కకు జరుగుతుంది. పైగా తీగల మధ్య ఎడం పెరిగి, రెండు అంచు తీగలూ పై ఫ్రెట్ల (నెక్ మీది లోహపు పట్టీల) దగ్గర నెక్ అంచుకు చేరువవుతాయి. తీగను వంచి వాయించేవారికి అది ఫ్రెట్ మీద నుంచి జారిపోవడం ఎంత చికాకో తెలుసు. పాత రంధ్రాలను కొయ్య మేకులతో, జిగురుతో పూడ్చి కొత్తవి తొలవవచ్చు, మంచి పనివాడు చక్కగానే చేస్తాడు. అయినా సరైన కొలతలో బ్రిడ్జి దొరుకుతున్నప్పుడు ఆ పనికి పూనుకోవలసిన అవసరం నాకు కనిపించలేదు.

రెండు స్తంభాల మీద ఊగే ఆధునిక బ్రిడ్జి ఆకర్షణ మరొకటి. 1980ల రెండో సగంలో అమెరికన్ స్టాండర్డ్ గిటార్లతో ప్రచారంలోకి వచ్చిన ఆ పద్ధతిలో రాపిడి తక్కువ, కదలిక సాఫీ. కానీ ఆ స్తంభాల కోసం చెక్కలో పెద్ద రంధ్రాలు రెండు తొలవాలి, ఒకసారి తొలిచాక గిటారు పూర్వరూపానికి రాదు. తీగలను రెండు చివరలా బిగించి పట్టే ఫ్లాయిడ్ రోజ్ పద్ధతికైతే ఇంకా ఎక్కువ చెక్క తీసేయాలి. ఆరు స్క్రూల బ్రిడ్జినే సరిగా అమర్చుకుంటే సామాన్య వాయిద్యానికి శ్రుతి బాగానే నిలుస్తుందని నా అభిప్రాయం.

స్క్రూల ఎడం తేలాక చూడవలసింది బ్లాకు లోతు. పూర్తి మందం ఉన్న స్ట్రాటోకాస్టర్ బాడీ 44 నుంచి 45 మిల్లీమీటర్లు ఉంటుంది. సంప్రదాయ కొలతలో చేసిన బ్లాకు దానిలో సుఖంగా ఇముడుతుంది. చవక నమూనాల్లో బాడీ పలచన కనుక అదే బ్లాకు వెనుకవైపు బయటికి పొడుచుకువస్తుంది. మందమైన బ్లాకు అయితే ఆర్మ్ నొక్కినప్పుడు లోపలి గోడకు తగలవచ్చు కాబట్టి, పొడవుతో పాటు మందాన్నీ అమ్మేవారిని అడిగి తెలుసుకోవాలి.

ఆర్మ్ బిగించే మరల విషయంలో చాలామంది పొరబడతారు. అమెరికన్ 10-32 మర వ్యాసం 4.83 మిల్లీమీటర్లు, ఒక చుట్టుకూ మరో చుట్టుకూ మధ్య దూరం 0.79, మెట్రిక్ ఎం5 మర వ్యాసం 5, దూరం 0.8. ఇంత దగ్గరగా ఉండడం వల్ల ఒకదాని ఆర్మ్ మరొకదానిలో మొదటి రెండు మూడు చుట్లు తిరిగి, తరువాత బిగుసుకుపోతుంది. జింకు బ్లాకులో అయితే ఆ బలవంతానికి మరలే చెడిపోతాయి. బ్రిడ్జితో వచ్చిన ఆర్మ్‌నే వాడడం ఉత్తమం. అలెన్ కీల సంగతీ ఇంతే: 1.27 మిల్లీమీటర్ల స్క్రూలు కొన్ని, 1.5 స్క్రూలు కొన్ని; సరిపోని కీతో తిప్పితే తలలు అరుగుతాయి.

ఇప్పుడు లోహం గురించి. 1971 ప్రాంతంలో ఫెండర్ ఉక్కు బ్లాకును వదిలి పోత పోసిన జింకు మిశ్రమానికి మారింది, పాత గిటార్ల అభిమానులు ఆ మార్పును ఇప్పటికీ క్షమించలేదు. ఉక్కు సాంద్రత ఘన సెంటీమీటరుకు 7.8 గ్రాములు, ఆ జింకు మిశ్రమానిది 6.6 ప్రాంతం, కాబట్టి అదే పరిమాణంలో ఉక్కు బ్లాకు బరువుగా ఉంటుందన్నది నిజం. నాదంలో తేడా ఉంటే ఉండవచ్చు, కానీ కొత్త తీగల సెట్టు వేసినప్పుడు వినిపించే తేడా కంటే అది పెద్దదని నేను నమ్మను. ఉక్కులో మరలు ఎక్కువ కాలం మన్నుతాయి కనుక నేను ఉక్కు బ్లాకునే ఎంచుకున్నాను. శాడిళ్లు వంచిన ఉక్కు రేకువి, స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీలువి. సముద్రతీరంలో ఉండేవారికి ఈ చివరిది బంగారు పూత కంటే విలువైనది.

గిబ్సన్ కంపెనీ లెస్ పాల్ తరహా గిటారు ఉన్నవారికీ ఇదే నియమం వర్తిస్తుంది. 1954లో వచ్చిన ఏబీఆర్-1 బ్రిడ్జి స్తంభాలు సన్నగా ఉండి నేరుగా చెక్కలోకి దిగుతాయి. 1970ల మధ్యలో వచ్చిన నాష్‌విల్ బ్రిడ్జికి లోహపు గొట్టాలు, వాటి కోసం పెద్ద రంధ్రాలు కావాలి. నాష్‌విల్‌లో శాడిళ్లు ముందుకూ వెనక్కూ ఎక్కువ దూరం జరుగుతాయన్న మాట వాస్తవమే అయినా, దానికోసం పాత ఏబీఆర్ రంధ్రాలను పెద్దవి చేయించడం నాకు సమ్మతం కాదు.

విప్పిన పాత బ్రిడ్జిని స్క్రూలతో సహా ఒక సంచిలో వేసి గిటారు పెట్టెలోనే ఉంచాలి. ఎప్పుడైనా అమ్మవలసి వస్తే కొనేవారు అడిగేది అదే. బిగించేటప్పుడు వెనుక స్ప్రింగుల కొక్కేనికి అతికిన సన్నని గ్రౌండ్ తీగ తెగకుండా చూడాలి. తీగలను ముట్టుకున్నప్పుడు ఆంప్లిఫయర్‌లోని హోరు తగ్గకపోతే ఆ అతుకు ఊడిందేమో చూడాలి. ఆ తరువాత ఒక్కొక్క శాడిల్‌నూ జరుపుతూ, 12వ ఫ్రెట్ దగ్గర నొక్కి వాయించిన స్వరం ఖాళీ తీగకు సరిగ్గా తారస్థాయి షడ్జమంగా పలికేలా చూసుకోవాలి. నొక్కిన స్వరం హెచ్చుగా పలికితే శాడిల్‌ను వెనక్కి, తగ్గుగా పలికితే ముందుకు జరపాలి. కొత్త తీగలు సాగి కుదురుకున్నాక మరొక్కసారి ఈ పని చేయవలసి ఉంటుంది.